బరువు నేలది, బట్ట కాపరిది



వరి కోసిన మడిలో మంద దిగిన సాయంత్రం మీరెప్పుడైనా చూశారా? పల్లెలో పెరిగినవాళ్ళకు ఆ దృశ్యం తెలుసు. పొద్దు వాలుతుండగా డొంకలో దుమ్ము లేస్తుంది. ముందు కుక్క, వెనక పొట్టేళ్ళు, వాటి వెనక వందల వీపులు. కాపరులు గుంజలు పాతి చుట్టూ వల కట్టేస్తారు. జీవాలన్నీ వల లోపల సర్దుకుంటాయి. తెల్లవారేసరికి మడి నిండా పెంట పరుచుకుని ఉంటుంది. వచ్చే పంటకు అదే బలం. మంద కట్టినందుకు రైతు ధాన్యమో డబ్బో ముట్టజెబుతాడు. రెండు మూడు రాత్రులు గడిచాక మంద లేచి మరో పొలానికి వెళ్ళిపోతుంది.

నా చిన్నతనంలో మా పొలంలోనూ అలాగే ఒక మంద దిగింది. రెండో రాత్రి అకాల వాన పట్టుకుంది. మేమంతా పెంకుటింట్లో వెచ్చగా పడుకున్నాం. పొద్దున్నే తాతతో కలిసి పొలానికి వెళ్ళాను. మంద పక్కన కాపరి గొంగడి కప్పుకొని గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాత్రంతా అలాగే కూర్చున్నాడట. గొంగడి కొస ఎత్తి చూపించాడు. ఆయన మోకాళ్ళ మధ్య రెండు గొర్రెపిల్లలు ముడుచుకుని నిద్రపోతున్నాయి.

ఆ తరవాత చదువుకున్నాను. ఇళ్ళ నమూనాలు గీయడం, గీయడం నేర్పడం నా వృత్తి అయింది. ఎన్నో గోడలు గీశాను, ఎన్నో కప్పులు లెక్కగట్టాను. గొంగడి కింద తెల్లవార్చిన ఆ మనిషికి మాత్రం మా శాస్త్రం ఏం చేసిందని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఈ పూట మాట్లాడబోయేది ఆ జవాబు గురించే. మందతో పాటు కదిలే కుటుంబాలకు ఎలాంటి నీడ కావాలి? దాన్ని ఎవరు, ఎలా తయారు చేయాలి?

ముందు ఆ మనుషులెవరో గుర్తు చేసుకుందాం. తెలంగాణలో కురుమలు, గొల్లలు. రాయలసీమలో గొల్లలు, కురుబలు. సరిహద్దు దాటితే కర్ణాటకలో కురుబలు, మహారాష్ట్రలో ధన్‌గర్లు. భాషలు వేరైనా వీళ్ళ వృత్తి ఒకటే. బీరప్పను కొలిచేవారు, మల్లన్నకు బోనం పెట్టేవారు, మల్లన్ననే ఖండోబాగా పిలుచుకునేవారు దక్కను పీఠభూమి అంతటా పరుచుకుని ఉన్నారు. వీళ్ళను పూర్తి సంచారులు అనలేం. ఊళ్ళో ఇల్లుంటుంది. ముసలివాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు అక్కడే ఉంటారు. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రం మంద ఎక్కడుంటే బతుకు అక్కడే.

ఎందుకు కదలాలి? ఊరి చుట్టూ పైరు వేశాక జీవాలకు కాలు మోపే చోటు ఉండదు. నల్లరేగడిలో వాన ఎక్కువైతే బురదకు గిట్టలు చెడిపోతాయి. ఎండాకాలంలో మెట్ట ప్రాంతంలో గడ్డీ నీళ్ళూ రెండూ అడుగంటుతాయి. అందుకే పాలమూరు వైపు మందలు కృష్ణ దాటి నల్లమల అంచులకు, కోస్తా వరి పొలాలకు వెళ్ళడం తరాలుగా వస్తున్న దారి. పడమటి మహారాష్ట్రలో కొందరు ధన్‌గర్లు వానలు వెనకబట్టాక కనుమలు దిగి కొంకణానికి వెళతారు. వాళ్ళు ఇంటిల్లిపాదీ కదులుతారు. గిన్నెలూ, పరుపులూ, చంటిపిల్లలూ, నడవలేని గొర్రెపిల్లలూ గుర్రాల మీద ప్రయాణం చేస్తాయి. మన వైపు ఎక్కువగా మగవాళ్ళు జట్టుగా వెళ్ళినా, ఆలుమగలు కలిసి మంద వెంట నడిచే కుటుంబాలూ ఉన్నాయి.

ఇది చిన్న వ్యవహారం కాదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నాయి. దేశం మొత్తం మీద ఉన్నవి 7 కోట్ల 43 లక్షలు. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాలవే. పండగ పూట మన విస్తట్లోకి వచ్చే మాంసం వెనక ఎవరో ఒకరు ఆరుబయట గడిపిన రాత్రులున్నాయి.

ఇప్పుడు నాకు బుద్ధి చెప్పిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా విద్యార్థులతో కలిసి కాపరి కుటుంబం కోసం ఒక మడతపెట్టే గుడారం గీశాం. నలుగురు పడుకునే చోటు, గిన్నెలు పెట్టుకునే చోటు, గాలి ఆడే కిటికీ, అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి. నమూనా కుట్టించి, పాలమూరు జిల్లాలో మంద దిగిన ఒక చోటికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక ఇల్లాలు గుడారం చుట్టూ ఒకసారి తిరిగింది, వంగి లోపల చూసింది. తరవాత అడిగింది: "సారూ, మరి పిల్లలకు జాగ ఏది?"

నేను ఉత్సాహంగా ఒక మూల చూపించాను. ఇద్దరు పిల్లలు హాయిగా పడుకోవచ్చన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, పక్కనున్న వెదురు గంప మీద చెయ్యి వేసింది. గంప కింద ముందురోజు పుట్టిన మూడు గొర్రెపిల్లలున్నాయి. ఆమె అడిగిన పిల్లలు అవి. చలిరాత్రి బయట వదిలితే తెల్లారేసరికి చచ్చిపోయే పిల్లలు. ఆమె సంపాదన అంతా వాటిలోనే ఉంది. మా గుడారంలో వాటికి చోటు లేదు.

ఆ రోజు నుంచి నేను గీయడం తగ్గించి, వినడం పెంచాను. విన్నకొద్దీ తేలిందేమిటంటే, కాపరికి కావలసిన నీడను ఇంటికి చిన్న నమూనాగా ఊహించుకుంటే మొదటి అడుగే తప్పు పడుతుంది. ఇంటికి పునాది నుంచి లెక్క మొదలవుతుంది. కాపరి గుడారానికి లెక్క మూట నుంచి మొదలవ్వాలి. రేపు పొద్దున దీన్ని ఎవరు మోస్తారు, దేని మీద మోస్తారు, విప్పి కట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే మిగతావన్నీ.

వరదలు, యుద్ధాల వంటి విపత్తుల్లో వాడే సహాయక గుడారాలు మీరు టీవీలో చూసే ఉంటారు. మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల కప్పు ఉండాలని స్ఫియర్ అనే అంతర్జాతీయ మానవతా ప్రమాణాలు చెబుతాయి. అయిదుగురి కుటుంబానికి 17.5 చదరపు మీటర్లు. శిబిరంలో నెలల తరబడి ఒకేచోట ఉండేవారికి అది న్యాయమైన కొలత. అంత గుడారం బరువు సుమారు 50 కిలోలు ఉంటుంది. మూడు రాత్రులకొకసారి చోటు మార్చే కుటుంబం దాన్ని ఎలా మోస్తుంది? అదే చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే మంచి బరకం అయితే, అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ముక్క 4 కిలోలే. గుర్రం లేని కుటుంబం కూడా సైకిలు మీదో, మోటారు సైకిలు మీదో తీసుకుపోగలదు. కాపరి వసారా ఆకాశమే. ఆయనకు కప్పు కావలసింది పడకకు, తిండిగింజలకు, పిల్లల గంపకు.

లోకంలో మందల వెంట నడిచిన జాతులన్నీ ఈ లెక్క ఏనాడో వేసుకున్నాయి. అరబ్బు ఎడారుల్లో బెదూయిన్లు మేక వెంట్రుకలతో నల్లని గుడారాలు నేస్తారు. ఎండలో ఆ నేత వదులుగా ఉండి గాలిని పోనిస్తుంది. వాన చినుకు పడగానే వెంట్రుకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఒకే బట్ట ఎండకు జల్లెడ, వానకు కప్పు. మంగోలియాలో గెర్ అనే గుండ్రని ఇల్లుంది. దాని గోడ మడతపెట్టే కర్రల అల్లిక. పైన ఉన్ని కంబళ్ళ పొర, నడినెత్తిన పొగ పోయే గుండ్రని చట్రం. ద్వారం ఎప్పుడూ దక్షిణానికే. ఆ చేతిపని నేర్పును 2013లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. మన లద్దాఖ్‌లో పష్మీనా మేకలను కాచే చాంగ్‌పాలు జడలబర్రె వెంట్రుకలతో రెబో అనే గుడారం నేసుకుంటారు.

నాకు అన్నింటికంటే ఎక్కువ నేర్పింది ఉత్తర కెన్యాలోని గబ్రా, రెండిల్లే ప్రజల గుడారం. వాళ్ళ గుడారం చట్రానికి వాడే వంపు కర్రలే ప్రయాణంలో ఒంటె వీపు మీద పల్లకి అవుతాయి. అందులో చంటిపిల్లలు, ముసలివాళ్ళు కూర్చుంటారు. అంటే ప్రయాణంలో అనవసరమైన కర్ర ఒక్కటీ లేదు. ఇంకో మాట. ఆ గుడారాన్ని కట్టేదీ విప్పేదీ స్త్రీలే, అది స్త్రీల సొత్తు. లబెల్ ప్రూసిన్ అనే పరిశోధకురాలు ఆఫ్రికా సంచార వాస్తుకళ మీద 1995లో పెద్ద గ్రంథమే వెలువరించారు. ఆ కట్టడాల రూపకర్తలు స్త్రీలేనని ఆమె ఎలుగెత్తి చెప్పారు. ధన్‌గర్ల మజిలీలోనూ దిగగానే పొయ్యి రాళ్ళు ఏరి, సామాను దించి, చోటును ఇల్లుగా మార్చేది ఆడవాళ్ళే. గుడారం గురించి ఎవరిని అడగాలన్న ప్రశ్నకు అక్కడే జవాబుంది.

మరి మన కాపరికి వారసత్వం లేదా? ఉంది, అదే గొంగడి. దక్కను గొర్రె నల్లని ముతక ఉన్నిని వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంత మగ్గం మీద నేసిన గొంగడి. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. నేల మీద పరిస్తే పడక, మీద వేస్తే దుప్పటి, తల మీదుగా మడిస్తే వానకు గొడుగు, మూట కడితే సంచి. కాపరి గొంగడి ఒంటికి తొడుక్కునే ఇల్లు. నీలం రంగు ప్లాస్టిక్ బరకం చవకగా దొరకడం, ఉన్ని తక్కువుండే నెల్లూరు జాతి గొర్రెలు మాంసం కోసం పెరగడంతో గొంగడి నేసే మగ్గాలు తగ్గిపోయాయి. బరకం వానను ఆపుతుంది గాని చలిని ఆపదు. ఎండలో దాని కింద ఊపిరాడదు. ఏడాది రెండేళ్ళు ఎండ తగిలితే పెళుసుబారి చిరిగిపోతుంది. కాబట్టి కొత్త నమూనా గీసేవాళ్ళు రెండింటినీ కలిపి ఆలోచించాలి. వానకు పైన బరకం, నేలకు అడుగున గొంగడి. రాత్రి ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది అడుగున ఉన్న చల్లని నేల. గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేస్తే సగం చలి అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు కొంచెం లెక్కల్లోకి వెళదాం. గుడారానికి మొదటి శత్రువు గాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు బట్టను సుమారు 4 కిలోల బరువుతో తోస్తుంది. వేగం 60 కిలోమీటర్లయితే ఆ తోపు 8 కిలోలు కాదు, సుమారు 17 కిలోలు. వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న బట్ట గోడ మీద అది 100 కిలోల బరువుతో సమానం. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారం ఆ వేగాన్ని సులువుగా అందుకుంటుంది. అందుకే కాపరి గుడారం పొట్టిగా ఉండాలి. గాలి వచ్చే వైపు కప్పు నేల దాకా వాలాలి. తెరిచిన వైపు గాలికి వీపు పెట్టాలి. మేకులను నిలువుగా కాకుండా గుడారానికి ఎడంగా వాల్చి కొట్టాలి.

బరకం సాధారణంగా చిరిగేది అంచున ఉన్న ఇనుప కన్నాల దగ్గర. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. నున్నటి గులకరాయిని బరకం మడతలో పెట్టి, బయటినుంచి దాని మెడకు తాడు బిగించాలి. లాగే బలం ఒక కన్నం మీద కాకుండా రాయి చుట్టూ ఉన్న బట్ట మీద సర్దుకుంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ కట్టుకోవచ్చు. జిప్పులు, గొట్టాల కీళ్ళు, ప్రత్యేకమైన బిగింపులు ఉన్న గుడారాలు ప్రదర్శనలో బాగుంటాయి. ఇసుక పడి జిప్పు పట్టేస్తే అడవి అంచున ఎవరు బాగుచేస్తారు? ముడితో అయ్యే పనికి యంత్రం పెట్టకూడదు. వారం సంతలో దొరకని వస్తువు ఒక్కటీ అందులో ఉండకూడదు.

రెండో శత్రువు వాన. పది చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 100 లీటర్ల నీళ్ళు. కప్పు నడుమ కుంగి ఆ నీళ్ళు నిలిచాయంటే 100 కిలోల బరువు నిద్రపోతున్నవాళ్ళ మీదికి దిగుతుంది. నడుమ ఎత్తు, రెండు పక్కలా వాలు తప్పనిసరి. ఆ ఎత్తు నిలపడానికి వేరే కర్ర మోయనక్కర్లేదు. కొమ్మలు దించే దోటి ప్రతి కాపరి దగ్గరా ఉంటుంది. అదే నడిమి దూలం. చేతికర్రలు రెండు రెండుగా కట్టి రెండు కొసలా నిలబెడితే అవే గుంజలు. గబ్రా స్త్రీల ఒంటె పల్లకి నేర్పిన పాఠం మన దోటికీ వర్తిస్తుంది.

మూడోది ఎండ. మధ్యాహ్నం మంద చెట్టు నీడకు చేరినప్పుడు మనుషులూ అక్కడే ఉంటారు. చెట్టు లేని చోట ఒకే పొర బరకం కింద ఉండటం కంటే బయట ఉండటమే మేలనిపిస్తుంది. ఎండకు కాగిన బరకం ఆ సెగను కిందికే దించుతుంది. దాని మీద జానెడు ఎడంగా పాత చీరో, వరిగడ్డి చాపో మరో పొరగా కడితే, ఎండ పై పొర మీద పడి, నడుమ గాలి సెగను మోసుకుపోతుంది. పక్కలు ఎత్తి కట్టుకునే వీలుండాలి. పై వైపు తెలుపో వెండి రంగో ఉంటే ఇంకా మంచిది.

ఇవన్నీ ఇంజనీరు లెక్కలు. కాపరులు మాత్రమే చెప్పగలిగిన లెక్క ఒకటుంది. గుడారంలో పడుకున్నవాడికి మంద వినిపించాలి. కాపరి నిద్రపోతున్నా చెవి మేలుకునే ఉంటుంది. తోడేలు వాసన తగిలితే గొర్రెలు ఒక్కసారిగా ఒక మూలకు ఒత్తుకుంటాయి, కుక్క గొంతు మారుతుంది. ఈతకు వచ్చిన గొర్రె మూలుగు వేరు, జబ్బుచేసిన గొర్రె దగ్గు వేరు. దొంగలు వల కోస్తే ఆ కదలిక వేరు. నాలుగు పక్కలా మూసి, మందపాటి గోడలతో మనం కట్టిచ్చే గుడారం ఆయన చెవులు మూసేస్తుంది. అలాంటిది ఇస్తే లోపల సామాను పెట్టుకుని తాను బయటే పడుకుంటాడు. మనం కాపరికి మంచి గుడారం నచ్చలేదనుకుంటాం. మంద వైపు నిలువునా తెరిచి ఉండే గుడారమే ఆయనకు మంచి గుడారం.

అయితే తెరిచిన వైపు ఉన్నంత మాత్రాన ఆడవాళ్ళకు మరుగు లేకుండా పోకూడదు. స్నానానికి, బట్ట మార్చుకోవడానికి, చంటిబిడ్డకు పాలివ్వడానికి ఒక మూలన అడ్డు తెర కావాలి. చిన్న ముక్క, రెండు తాళ్ళు, అంతకంటే ఖర్చేమీ లేదు. నేల మీద పరిచే పట్టా అంచులు జానెడు పైకి లేచి ఉంటే తేళ్ళూ పాములూ చప్పున లోపలికి రావు. పొయ్యి ఎప్పుడూ గాలి దిగువన, కప్పుకు దూరంగా ఉండాలి. ప్లాస్టిక్ బరకం నిప్పంటుకుంటే కరిగి ఒంటి మీద పడుతుంది. ఇక పిల్లల గంప. అది పడకకు చేయి చాచే దూరంలో ఉండాలి. నన్ను అడిగిన ఆ ఇల్లాలి ప్రశ్నకు ఇది నా ఆలస్యపు జవాబు.

పిడుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవి ఉరుముల్లో పిడుగుపాటుకు కాపరులు, జీవాలు చనిపోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. ఏ బట్ట గుడారమూ పిడుగు నుంచి కాపాడదు. గుట్ట మీద, ఒంటరి చెట్టు కింద గుడారం వేయకూడదు. మెరుపు కనిపించాక 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే ప్రమాదం దగ్గర్లోనే ఉన్నట్టు. వెంటనే పక్కా భవనంలోకో, కప్పున్న బస్సు, కారు లోపలికో చేరాలి. పూణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారు చేసిన దామిని అనే మొబైల్ యాప్ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. ఇప్పుడు చాలామంది కాపరుల చేతిలో ఫోను ఉంది. కాని చుట్టుపక్కల పక్కా కప్పే లేనప్పుడు హెచ్చరిక వచ్చి ఏం లాభం?

ఇక్కడే నేను అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తున్నాను. వానకు, గాలికి, పిడుగుకు తట్టుకునే కప్పు బరువుగా ఉంటుంది. కాపరి మోయగలిగేది తేలికగా ఉండాలి. ఈ రెండింటినీ ఒకే వస్తువులో ఇమడ్చాలని చూసినంతకాలం నమూనాలు ఓడిపోతూనే ఉంటాయి. వాటిని విడదీయాలి. బరువైనది నేల మీద ఉండిపోవాలి. తేలికైనది మనిషి వెంట నడవాలి. బరువు నేలది, బట్ట కాపరిది.

అంటే ఏమిటి? మందలు ఏటా ఇంచుమించు ఒకే దారిన వస్తాయి. ఏ చెరువు కింద దిగుతాయో, ఏ బంజరులో ఆగుతాయో ఊరివాళ్ళకు తెలుసు. అలాంటి మజిలీ ఒక్కోచోట అడుగు ఎత్తున ఒక అరుగు కట్టాలి. వాన నీళ్ళు చేరకుండా చుట్టూ చిన్న కాలువ తీయాలి. అరుగు నాలుగు పక్కలా తాడు కట్టుకునే కంత ఉన్న రాతి కూసాలు పాతాలి. మన గ్రానైటు సీమలో రాతి కూసాలకు కొదవ లేదు. జీవాలకు ఒక నీళ్ళ తొట్టి, మనుషులకు ఒక కుళాయి. వీలైతే పక్కన పిడుగు నుంచి కాపాడే తీగ బిగించిన ఒక పక్కా గది. అదే ఈనిన గొర్రెలకు, జ్వరం వచ్చిన మనిషికి, పురిటి తల్లికి ఆసరా. కాపరి వచ్చి తన 4 కిలోల బరకం ఆ కూసాలకు కట్టుకుంటాడు. ఎంత గాలి వచ్చినా రాయి కదలదు. మంద వెళ్ళిపోయాక ఆ అరుగు మీద రైతులు ధాన్యం ఆరబోసుకోవచ్చు. పశువైద్యుడు మందకు టీకాలు వేయడానికి ఎక్కడికి రావాలో ముందే తెలుస్తుంది.

దారినపోయేవాడి కోసం కట్టడం మనకు కొత్త కాదు. సత్రాలు కట్టిన నేల ఇది. చలివేంద్రాలు పెట్టిన నేల ఇది. బాటసారి తల మీది మూట ఎవరి సాయం లేకుండా దించి ఎత్తుకోవడానికి దారి పక్కన రాళ్ళు నిలిపిన పెద్దలు దక్షిణదేశమంతటా ఉండేవారు. మంద వెంట నడిచేవాడు కూడా బాటసారే. పైగా మన పొలానికి ఎరువు మోసుకొచ్చే బాటసారి.

కొందరు అడుగుతారు, వీళ్ళకు పక్కా ఇళ్ళిచ్చి ఒకచోట స్థిరపరిస్తే సరిపోదా అని. ఊళ్ళో పక్కా ఇల్లు కావాలి, అది వాళ్ళ హక్కు. కాని మంద ఇంట్లో మేయదు. గడ్డి ఎక్కడ మొలిస్తే అక్కడికి వెళ్ళడం వానలు నికరం కాని నేలలో తెలివైన బతుకు. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, సంచార పశుపోషకుల రుతువారీ రాకపోకలను చట్టబద్ధమైన హక్కులుగా గుర్తించింది. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో సంచార పశుపోషకుల వివరాలు సేకరించడం మొదటిసారిగా చేపట్టారు. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్ళ, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. చట్టం ఉంది, లెక్క మొదలైంది, లోకం దృష్టి పడింది. ఇక కావలసింది ఊరి పొలిమేరలో ఒక అరుగు.

వాస్తుశిల్పం, ఇంజనీరింగు చదువుతున్న యువతీయువకులకు ఒక మాట. మీ ప్రాజెక్టు కోసం గుడారం గీయాలనుకుంటే ముందు ఒక రాత్రి మంద పక్కన పడుకోండి. పొద్దున మూట కట్టడంలో సాయం చేయండి. ఆ మూట ఎత్తి పది అడుగులు వేయండి. ఆ ఇంటి ఇల్లాలిని అడగండి, ఏది పనికిరాదో ఆమె ముందే చెబుతుంది. పంచాయతీ పెద్దలకు మరో మాట. మీ ఊరికి మంద ఏ దారిన వస్తుందో, ఎక్కడ దిగుతుందో ఈ ఏడాది రాసి పెట్టండి. ఆ చోటును ఆక్రమణ కానివ్వకండి. నాలుగు రాతి కూసాలతో మొదలుపెట్టండి.

రైతు సోదరులారా, సోదరీమణులారా, మీ పొలంలో మంద కట్టిన రాత్రి వాన మొదలైతే ఒక్కసారి కాపరిని కేకేయండి. మీ వసారాలో ఆయనకూ, ఆయన గంపలోని పిల్లలకూ చోటివ్వండి. ఆయన రాత్రంతా కాపలా కాసేది మీ రేపటి పంటకు బలమిచ్చే మందనే.